సముద్రం కింద తోట, క్వార్టర్లో రాయి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒకరికి రెండు గేదెలుండేవి. ఒకరికి కొత్త స్కూటరుండేది. ఒకరికి బిల్హాలో వరిపొలం ఉండేది. మా బావకు సముద్రం ఉండేది.

ఈ మాట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాట దగ్గర ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తు లేదు. "మా బావకి బంగాళాఖాతంలో వంద ఎకరాలుంది. దాని మీంచి ఓడ పోవాలంటే ముందు ఆయనకి కబురెట్టాలి" అనేవాణ్ణి. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు కాసేపు నమ్మేవారు కూడా.

వంద ఎకరాలన్నది అబద్ధం. ఎకరం కూడా నిండదు. ఓడల సంగతి సరేసరి. కానీ సముద్రం కింద మా బావకు పట్టా భూమి ఉన్న మాట మాత్రం నిజం. నేను చెప్పిన వాటిలో ఎవరూ నమ్మనిది ఆ ఒక్క నిజమే.

మా ఊరు శ్రీకాకుళం అవతల, ఒడ్డు మీద. బావ తండ్రి అక్కణ్ణించి రైల్వే కళాసీగా వచ్చి, వంతెనల పనిలో తాళ్ళు లాగి, ఆ కష్టంతో ఊళ్ళో చిన్న కొబ్బరితోట కొన్నాడు. ఆయన పోయాక తోట బావదయింది. బావ మాత్రం పుట్టిందీ, హిందీ బడిలో చదివిందీ, లోకో షెడ్‌లో ఫిట్టరయిందీ అంతా బిలాస్‌పూర్‌లోనే. వేసవిలో పాసు మీద ఊరెళ్ళి, తోటలో తాటాకు చాప వేసుకుని పడుకుని, బొండాలు తాగి, ఒళ్ళంతా ఉప్పుగాలి పట్టించుకుని వచ్చేవాడు. అంతే ఆయన అనుభవించింది.

సముద్రం పోటుకు వచ్చి వెళ్ళిపోవడం వేరు, వచ్చి ఉండిపోవడం వేరు. ఒక ఏడు తోటలో మొదటి వరస చెట్లకి వేళ్ళు బయటపడ్డాయి. తుపాను వచ్చిన ఏడు అవి వాలిపోయాయి. ఆ తర్వాత తోటకి, అలలకి మధ్య ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు నీళ్ళలో మొండి మాన్లు కనిపించేవి, తర్వాత అవీ లేవు. బావ శిస్తు కట్టడం మాత్రం మానలేదు.

"పోయినదానికి శిస్తేటి?" అని అక్క అడిగేది.

"పోలేదే. ములిగింది" అనేవాడు బావ.

అక్క అంటే మా పెద్దక్క. బావ తల్లి మాకు మేనత్త. నేను గూడ్సు గార్డుగా చేరి, తర్వాత పాసింజర్ బళ్ళ మీద తిరిగినవాణ్ణి. కాలనీలో రెండు లైన్ల అవతల నా క్వార్టరు, కానీ కాఫీ తాగేది బావ వరండాలోనే.

మా ఊరివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. తోట మూలన నిలబెట్టిన సరిహద్దు రాయికి ఏటా ఒకసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. రాయి ఒరిగిపోతే ఆ ఇంటి మగవాడికి మంచిది కాదంటారు. అందుకని సముద్రం మీదికి వచ్చినప్పుడల్లా పడవల తర్వాత జనం లాక్కునేది రాళ్ళనే. ఎవరి రాయిని వాళ్ళు పెకలించి ఊరివైపు జరుపుకునేవారు. ఏ రాయి ఎవరిదో అందరికీ తెలుసు గనక తగాదా లేదు. కొందరి రాళ్ళు చివరికి వాళ్ళ ఇంటి గుమ్మం పక్కకే చేరాయి. ఇంట్లో దేవుణ్ణి వరదలోంచి తీసి అటక మీద పెట్టుకోవడంలాంటిదే అది. దాన్ని చట్టం ఇంకోలా చూస్తుందని ఎవరికి తోస్తుంది?

మా అత్త ఇంకా దూరం పోయింది. బావ తోట రాయి ఒడ్డున ఇసకలో పక్కకి పడి ఉందని ఊరినుంచి వచ్చినవాళ్ళెవరో చెప్పారు. అత్త కంచం పక్కకి తోసేసింది.

"నా పెనిమిటి పాతిన రాయిరా అది. కుక్కలు కాలెత్తడానికి కాదు. తెచ్చి నా కళ్ళ ముందల ఎట్టు" అంది కొడుకుతో.

"ఇక్కడికా? రైల్లోనా?"

"ఇంజిన్లు మోస్తన్నావు. రాయి మోయలేవేటి?"

ఆ రాయి ఏనుగు పిల్లంత ఉండేదని, ఊరంతా కలిసి తాళ్ళు కట్టి రైలెక్కించిందని నేను చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి నడుమెత్తు కూడా లేదు. ఇద్దరు మోస్తారు, ముగ్గురైతే సుఖంగా మోస్తారు. పార్సిల్ ఆఫీసులో దాన్ని రుబ్బురోలు అని రాయించాం. సరిహద్దు రాయి అంటే ఏ రేటు వెయ్యాలో ఆ గుమాస్తాకి తెలియదు, మాకూ తెలియదు. బ్రేక్ వ్యానులో గార్డు తర్వాత గార్డు ఒకరికొకరు చెప్పుకుంటూ దాటించారు. రాయ్‌పూర్ నుంచి నా డ్యూటీ. నా కాళ్ళ దగ్గర గోనెసంచిలో పడుకుని వచ్చింది. బిల్హా దాటాక బ్రేకు పడినప్పుడు ఒకసారి కదిలి నా బొటనవేలి మీదికి వచ్చింది. ఆ గోరు ఇప్పటికీ వంకరే. ఇది మాత్రం కలిపింది కాదు.

క్వార్టరు వెనక జామచెట్టు పక్కన గొయ్యి తీసి రాయిని నిలబెట్టాం. దాని పైభాగాన సర్వేవాళ్ళు చెక్కిన గీతలున్నాయి. అత్త పసుపు రాసింది. కొబ్బరికాయ కొట్టింది. మర్నాటినుంచి రోజూ ఒక చెంబు నీళ్ళు పోసేది.

పక్క లైన్లో గేట్‌మాన్ భార్య ఉండేది, ఛత్తీస్‌గఢీ మాట్లాడే మనిషి. బిలాస్‌పూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోదే. కాలనీలో అందరూ ఆమెను దాయీ అనేవారు, అంటే అమ్మ. ఒకరోజు ఆమె వచ్చి కాసేపు చూసింది. మా అత్తకు హిందీ రాదు. దాయీకి తెలుగు రాదు. ఆమె వెళ్ళి సిందూరం తెచ్చి, అత్త వైపు చూసి, అత్త తలాడించాక, రాయికి బొట్టు పెట్టింది. ఆపై నవరాత్రులకు దీపం వచ్చింది. ఎవరి గుంటడికో జ్వరం తగ్గితే ఎర్రగుడ్డ వచ్చింది. మంగళవారాల్లో ఆడవాళ్ళు మా అక్క వంటింటి పక్కనుంచే లోపలికి వచ్చి వెళ్ళేవారు.

"ఇది దేవుడు కాదని సెప్పు అత్తా" అన్నాను.

"నలుగురు మొక్కితే రాయికేటి నష్టంరా? నీకేటి నష్టం?" అంది అత్త.

సముద్రం అడుగు ఎవరిదనే తగాదా మా వరండాలోకి పేపరు ద్వారా వచ్చింది. విశాఖలో అచ్చయిన తెలుగు పేపరు మర్నాటికి బిలాస్‌పూర్ చేరేది. స్టేషన్లో నేను తీసుకుని, బావ వరండాలో పైకి చదివేవాణ్ణి. బావ తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలడు గానీ పేపరంటే ఓపిక చాలదు. అక్క అంతకూడా చదవదు. వార్తలు చప్పగా ఉన్న రోజున నేను ఒకటీ అరా కలిపేవాణ్ణి. రెండు తలల దూడ, చెరువులో దొరికిన కిరీటం, ఇలాంటివి. అందుకని అక్క బియ్యం ఏరుతూనే అడిగేది: "ఇది పేపర్లోదేటి, నీ కడుపులోదేటి?"

ఆ రోజు మాత్రం ఒక్క అక్షరం కలపలేదు. మా వైపు ఒడ్డున ఇసకలో నల్లటి పొరలుంటాయి. చిన్నప్పుడు అయస్కాంతం పెడితే గడ్డంలా అంటుకునేది. ఆ నల్ల ఇసకలో విలువైన ఖనిజం ఉందని, ఒక కంపెనీ ఒడ్డుకు దగ్గర్లో నీళ్ళ అడుగునుంచి దాన్ని తోడుకోవడానికి ఢిల్లీ నుంచి అనుమతి తెచ్చుకుందని రాశారు. రాష్ట్రం వాళ్ళు రాయల్టీ మాకు కట్టమన్నారు. సముద్రం అడుగు కేంద్రానిది, మీకెందుకు కట్టాలని కంపెనీ అంది. దానికి రాష్ట్రం ఇచ్చిన జవాబు దగ్గర బావ నన్ను ఆపాడు.

"మళ్ళీ సదువు."

చదివాను. అది నిన్నమొన్నటిదాకా నేల. దానికి సర్వే నంబర్లున్నాయి. పట్టాదారులున్నారు. పైన నీళ్ళు నిలిచినంతమాత్రాన మా నేల ఢిల్లీదెలా అవుతుంది? ఇదీ రాష్ట్రం వాదన. సంగతి కోర్టుకెక్కింది.

"పట్టాదారులున్నారు, అని రాసినాడేటి?"

"రాశాడు బావా."

"నీ కడుపులోది కాదు గదా?"

"అత్త మీద ఒట్టు."

"నా మీదెందుకురా, నీ మీద ఎట్టుకో" అంది అత్త లోపల్నుంచి.

బావ పేపరు తీసుకుని ఆ ముక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. తర్వాత షెడ్‌కి వెళ్ళేటప్పుడు ఆ పేపరు మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి షెడ్‌లో ఒకరిద్దరు "అరె సాహెబ్, సముందర్‌వాలే" అని పిలవడం మొదలెట్టారు. ఆ పేరు మాత్రం నేను పెట్టింది కాదు.

ఆ రోజుల్లోనే అక్క మోప్కాలో ఒక స్థలం చూసింది. మోప్కా అప్పటికి పల్లెటూరే. కానీ రైల్వేవాళ్ళు కొందరు కలిసి అక్కడ పొలం కొని ప్లాట్లు వేస్తున్నారు. కాలనీ ఆడవాళ్ళతో కలిసి అక్క నడిచి వెళ్ళి చూసొచ్చింది. తుమ్మచెట్టుకి ఇవతల ఒక మూల ప్లాటు. వంటిల్లు తూర్పుకు వస్తుందని, బావిచుట్టూ అరటి వేసుకోవచ్చని, అక్కడ నిలబడే అనుకుందట. బావకు రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఆపైన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పుట్టిన దగ్గర్నుంచి రైల్వేవాళ్ళ గోడల మధ్యే బతికిన మనిషికి తనదంటూ ఒక గోడ కావాలనిపించడంలో వింతేముంది? అక్క అడిగింది అదొక్కటే.

"మోప్కాలో ఏటుందే? నల్లరేగడి. వానొస్తే సైకిలు కూరుకుపోతాది" అన్నాడు బావ.

"నీ తోటలో ఓడ కూరుకుపోతాది" అంది అక్క.

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

మాట అక్కడితో ఆగేది కాదు గానీ, ఊరినుంచి కబురొచ్చింది. ప్రభుత్వం తరఫు ప్లీడరు పట్టాదారులందరినీ సాక్ష్యానికి రమ్మంటున్నాడు. దాంతోపాటు ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. సముద్రం మింగినవాళ్ళకి ప్రభుత్వం ఇళ్ళస్థలాలిస్తుందట, నష్టపరిహారం కూడా వస్తుందట. కాకపోతే మరెక్కడా సెంటు భూమి లేదని అఫిడవిట్ ఇవ్వాలట. ఈ "అట"లన్నీ ఎవరు కట్టారో తెలియదు. నాకంటే గట్టివాళ్ళు ఊళ్ళో ఉన్నారని మాత్రం తెలిసింది.

"సూసినావా? మోప్కా కొంటే ఇది పోద్ది" అన్నాడు బావ.

"కొనకపోతే అది పోద్ది" అంది అక్క.

"ఇది నాయన సంపాదించింది."

"నాయన పోయినాడు. తోటా పోయింది. నానింకా ఉన్నాను గదేటి." గట్టిగా అన్న మాట కాదు. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అంది. బావ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఒడ్డు మీద విచారణకు నేనూ వెళ్ళాను. ఆ రోజు నేను లేచి మాట్లాడితే ప్లీడర్ల నోళ్ళు మూతపడ్డాయని బిలాస్‌పూర్‌లో చెప్పుకున్నాను. నేను చేసింది గొడుగు పట్టుకోవడం. అదీ కోర్టు పంపిన కమిషనరుకు. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఇసకలో అయిష్టంగా నడిచాడు. ప్రభుత్వం ప్లీడరు ఒకవైపు, కంపెనీ ప్లీడరు ఒకవైపు. వెనక మా ఊరి జనం.

"మీ భూమి ఎక్కడ?" అని కమిషనరు బావను అడిగాడు.

బావ అలల వైపు చెయ్యి చాపాడు. "అదిగో బాబూ, నురగ ఇరుగుతంది సూడండి. అక్కడికి ఇవతల."

"నురగకి సర్వే నంబరుందా?" అన్నాడు కంపెనీ ప్లీడరు. జనంలో కొందరు నవ్వారు.

"సరిహద్దు రాయి ఉందా?"

"ఉంది బాబూ."

"ఎక్కడ?"

బావ ఒక్క క్షణం నా వైపు చూశాడు. "బిలాస్‌పూర్‌లో. మా కోటరు ఎనక."

ఈసారి కమిషనరు కూడా నవ్వాడు. కంపెనీ ప్లీడరు మాత్రం నవ్వలేదు. ఆయన తెలివైనవాడు. తక్కినవాళ్ళ రాళ్ళెక్కడున్నాయని అడిగాడు. ఒకరు వేపచెట్టు కిందన్నారు, ఒకరు గుమ్మం పక్కన అన్నారు. అన్నీ ఓపిగ్గా విన్నాక కమిషనరు వైపు తిరిగి, "చూశారుగా. సముద్రం వచ్చినప్పుడల్లా హద్దురాళ్ళు వీళ్ళే పీకి వెనక్కి తెచ్చుకున్నారు. అంటే అవతలిదంతా వదులుకున్నామని వీళ్ళే ఒప్పుకున్నట్టు. ఈయన మరీ ఉదారంగా మధ్యప్రదేశ్ దాకా వదిలేశాడు" అన్నాడు.

"ఒదులుకోలేదు బాబూ" అన్నాడు బావ. "దాసుకున్నాం."

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. అక్కడ రాసుకునే మనిషి పక్కనే నిలబడ్డాను, అందుకే చెప్పగలుగుతున్నాను.

తర్వాత ప్రభుత్వం ప్లీడరు బావను పక్కకు పిలిచి, రాయి మీద సర్వే గుర్తు ఉంటే అది పనికొస్తుంది, పెకలించి వచ్చే వాయిదాకి కోర్టుకు తెమ్మన్నాడు. బావ ముఖం వెలిగింది. నేను ఆయన జూనియర్ని వెతుక్కుంటూ టీ దుకాణం దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు మంచివాడే, మిరపకాయ బజ్జీ తింటున్నాడు.

"బాబూ, మనం గెలిస్తే మా బావకేమొస్తుంది?"

"గెలిస్తే రాయల్టీ ప్రభుత్వానికొస్తుందండి."

"అది సరే. బావకి?"

"ఆయన సాక్షి కదండీ."

"మరి నష్టపరిహారం అంటున్నారు?"

అతను బజ్జీ నమలడం ఆపాడు. "భూమి తీసుకుంది సముద్రం కదండీ, మేం కాదు. రేపు ఆయన మా మీదే దావా వేశాడనుకోండి, అప్పుడు మేమే చెప్పాలి, అది సముద్రం, ఢిల్లీ వెళ్ళి అడుక్కోమని. ఇళ్ళస్థలాలంటారా, అదింకా ఎవరి బల్ల మీదికీ రాలేదు. వచ్చినా ఊళ్ళో ఉండేవాళ్ళకే. ఆయన మధ్యప్రదేశ్‌లో ఉంటారు కదా." ఇందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. నాకూ అతని మీద కోపం రాలేదు. ఒకే నేల, రాయల్టీ దగ్గరికి వచ్చేసరికి నేల, మా బావ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు.

తిరుగు బండిలో, కిటికీ దగ్గర కూర్చున్న బావకు ఈ సంగతంతా విన్నది విన్నట్టు చెప్పాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒక ముక్క పెరగకుండా, ఒక ముక్క తరక్కుండా.

ఆయన విన్నాడు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "మీ అక్క సెప్పమందా?"

"కాదు బావా. ఆ కుర్రాడే అన్నాడు."

"బజ్జీ తింతా అన్నాడు?"

"అవును."

"బజ్జీ కూడా ఎట్టినావు. బాగుంది బామ్మర్దీ." అంతే. తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

ఇంటికొచ్చాక అక్కకి చెప్పాను. ఆమె కందిపప్పు కడుగుతూ చివరిదాకా విని, "నిజమేన్రా. అబద్ధమైతే ఇంకా బాగా సెప్పేవోడివి" అంది. నమ్మినది ఆమె ఒక్కతే. కానీ సంతకం పెట్టే చెయ్యి ఆమెది కాదు.

వచ్చే వాయిదాకి రాయి తీసుకెళ్ళాలి. ఒక ఆదివారం పొద్దున్నే బావ షెడ్ నుంచి గునపం తెచ్చాడు. జామచెట్టు దగ్గర మొదటి పోటు వేశాడో లేదో, దాయీ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురైదుగురు. "దేవతా ల ఝన్ ఉఖాడ బాబూ" అంది, దేవుణ్ణి పీకొద్దని. అది దేవుడు కాదు, మా తోట హద్దురాయి అని బావ హిందీలో చెప్పాడు. ఏ తోట అని ఆమె అడిగింది. సముద్రంలో ఉన్న తోట అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ మాటతో రాయి మహిమ ఇంకాస్త పెరిగింది.

బావ తల్లి వైపు చూశాడు. అత్త గడప దిగి వచ్చి దాయీ పక్కన నిలబడింది.

"నిలబెట్టిన రాయిని పీకితే ఇంట్లో ఎవుడికి మంచిది కాదో తెల్దేటిరా?"

"నువ్వే గదా అక్కణ్ణించి పీకి తెమ్మన్నావు."

"అక్కడ పడిపోయింది. ఇక్కడ నిలబడింది" అంది అత్త. దానికి ఏ ప్లీడరు దగ్గరా జవాబు దొరకదు.

కనీసం గుర్తైనా ఫొటో తీయిద్దామని స్టూడియో కుర్రవాణ్ణి పిలిపించాం. ఏళ్ళ తరబడి సిందూరం, నెయ్యి పేరుకుని సర్వే గీతలు ఎక్కడున్నాయో తెలియలేదు. బావ గోటితో కొంచెం గీకబోతే దాయీ చెయ్యి పట్టుకుంది. ఫొటో ఊరికి పంపాం. ఆంజనేయస్వామి ఫొటో ఎందుకు పంపారని ప్లీడరు అడిగించాడు. ఇది నేను కలిపిందే. ఆయన అసలు ఏమీ అడిగించలేదు. వాయిదా గడిచిపోయింది, మళ్ళీ కబురే లేదు. కలిపిందే బాగుందనిపించి అన్నేళ్ళూ అదే చెప్పాను.

మోప్కా ప్లాట్లకి గడువు చెప్పారు. ఆ సాయంత్రం అక్క చీర మార్చుకుని, తల దువ్వుకుని, వరండాలో కూర్చుంది. బావ డ్యూటీ నుంచి వచ్చి ఆమెను చూసి, విషయం తెలిసి, నూతి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులకున్న గ్రీజు కడుక్కున్నాడు. తర్వాత వచ్చి, "ఇది కొని, అబద్ధం అఫిడవిట్ ఎట్టలేనే" అన్నాడు. అక్క లేచి లోపలికి వెళ్ళి పాత చీర కట్టుకుంది. మూల ప్లాటు బుకింగ్ గుమాస్తా తమ్ముడికి పోయింది.

అత్త ఆ క్వార్టర్లోనే పోయింది, ఖాళీ చెయ్యకముందే. రాయిని వదిలి వెళ్ళే పని ఆమెకి పడలేదు, అదొక్కటే మాకు కలిసొచ్చింది. బావ రిటైరయ్యాడు. షెడ్‌లో దండ వేశారు, గోడగడియారం ఇచ్చారు. దాన్ని తగిలించుకోవడానికి సొంత గోడ లేదు. కొన్నాళ్ళకు మోప్కాలోనే రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. తక్కువలో అక్కడే దొరికింది. ఎదురుగా ఆ మూల ప్లాటు. తుమ్మచెట్టు కొట్టేసి బుకింగ్ గుమాస్తా తమ్ముడు ఇల్లు లేపుతున్నాడు. వాళ్ళ వంటిల్లు పడమరకు పెట్టారు. "తూర్పుకు ఎట్టాల్సింది" అని అక్క ఒక్కసారే అంది.

రాయిని క్వార్టర్లోనే వదిలేశారు. తీసుకెళ్తామన్నా ఎవరూ పోనిచ్చేవారు కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు దాని చుట్టూ సిమెంటు గట్టు కట్టించారు.

తీర్పు వచ్చిన పేపరు నేను మోప్కాకు తీసుకెళ్ళాను. సైకిలు నిజంగానే బురదలో కూరుకుపోయింది, కొంతదూరం మోసుకెళ్ళాను. నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు ఎక్కడ ఆగుతాయో ఆ గీతకు అవతల ఉన్న అడుగంతా, ఒకప్పుడు దాని మీద ఏమున్నా సరే, కేంద్రానిదే అంది కోర్టు. పట్టాదారుల సంగతి తమ ముందున్న ప్రశ్న కాదంది. చదివి ఆగాను.

అక్క పప్పు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ఆమె అడగలేదు. బావ అడిగాడు.

"ఇది పేపర్లోదేటి, నీ కడుపులోదేటి?"

"పేపర్లోదే బావా."

"ఇంకేటైనా రాసినాడా?"

"రాష్ట్రం పై కోర్టుకెళ్తుందట. అక్కడ మనవైపే వస్తుందంటున్నారు."

బావ పేపరు తీసుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టాడు. కేం. ద్రం. ఒక్కో అక్షరాన్నీ పలుకుతూ, ఒత్తుల దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వస్తూ చదివాడు. అక్క అన్నం వార్చింది. పప్పు దించింది. ఎదురింట్లో మేస్త్రీలు భోజనానికి దిగారు. ఆయన వేలు ఇంకా కదులుతూనే ఉంది. చివరి వాక్యం దాకా వచ్చి, దాని కింద ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశాడు. అటువైపు సబ్బు ప్రకటన ఉంది.

"పై కోర్టు మాట నీది" అన్నాడు.

"నాదే బావా."

"మంచి మాటే" అన్నాడు. ఆ పేపరు మడవలేదు, సంచిలో పెట్టుకోలేదు. అన్నం తినేటప్పుడు అక్క దాన్ని కంచం కింద వేసింది. ఆయన వద్దనలేదు.

ఆ తర్వాత మంగళవారం బావ కనిపించకపోతే వెతుక్కుంటూ కాలనీకి వెళ్ళాను. పాత క్వార్టరు వెనక, ఆడవాళ్ళ వరసలో చివర నిలబడి ఉన్నాడు. వంతు వచ్చినప్పుడు వంగి రాయిని ముట్టుకున్నాడు. ఆ ఇంటి కొత్త ఇల్లాలు ఈయనెవరో ఎరగదు. అందరికీ ఇచ్చినట్టే చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. ఆయన తినలేదు. జేబురుమాల్లో చుట్టుకుని, మోప్కా దాకా నా పక్కన నడిచాడు.

అక్క రుమాలు విప్పి చూసింది. "ఎక్కడిది?"

"మన తోటలోది" అన్నాడు.

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుందని రాయాలని ఇంతసేపూ అనుకుంటూ వచ్చాను. అదేమీ జరగలేదు. ముక్కను ఇటూ అటూ తిప్పి, గోరుతో గీరి, "ముదురుదే. పచ్చడికి పనికొస్తాది" అంది. నూరడానికి ఎండుమిరపకాయల కోసం లోపలికి వెళుతూ, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వొచ్చే నెల అద్దె పెంచుతానన్నాడు ఇంటాయన. దానికేటి సేద్దాం?"

బావ చెప్పులు విప్పుతూ నా వైపు చూశాడు. ఏదైనా కలుపుతానేమోనని. నాకు ఏమీ తోచలేదు.